ఓడిపోతున్న రగ్బీ జట్టుకు కొత్త హెడ్ కోచ్‌ని ఎలా ఎంచుకోవాలి

ఏ సీజన్‌లో అయినా నాలుగైదు మ్యాచ్‌లు వరుసగా పోగానే నాకు ఒకటే ప్రశ్న వస్తుంది: "ఈ కోచ్‌ని తీసేసి ఎవర్ని తేవాలి?" లెస్టర్‌లోనో, సిడ్నీలోనో, ఆక్లండ్‌లోనో స్థిరపడి అక్కడి క్లబ్బుల మ్యాచ్‌లకి వెళ్ళే మనవాళ్ళూ అడుగుతారు, 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ కోసం మొదటిసారి ఈ ఆట చూసినవాళ్ళూ అడుగుతారు. అందరికీ కావాల్సింది ఒక పేరు. పేరు ఆఖరున వచ్చే విషయం, దానికి ముందు చేయాల్సిన పని చాలా ఉంది, ఆ పని చేయకుండా పేర్లు వెతికిన క్లబ్బులు రెండేళ్ళకోసారి మళ్ళీ పేర్లే వెతుక్కుంటున్నాయి. అందుకని మొత్తం పద్ధతి ఒకచోట రాస్తున్నాను.

మీరు క్లబ్ బోర్డులో ఉన్నారు, సంతకం పెట్టాల్సింది మీరే అనుకుని చదవండి. చిన్న ఊరి క్లబ్ కమిటీలో ఉన్నా మెట్లు ఇవే, జీతాల అంకెలే మారతాయి.

ఉదాహరణకి ఎక్కువగా ఇంగ్లండ్‌లోని లెస్టర్ టైగర్స్‌ని తీసుకుంటాను. 2013 నాటికి పదిసార్లు ఇంగ్లిష్ ఛాంపియన్ అయిన క్లబ్ అది. 2017 జనవరిలో రిచర్డ్ కాకరిల్‌ని పంపించారు, కొన్నాళ్ళు ఆరన్ మాగర్ చూసుకున్నాడు, తర్వాత పాత కోచ్ మాట్ ఒకానర్‌ని మళ్ళీ పిలిచారు, 2018 సెప్టెంబర్‌లో సీజన్ మొదటి మ్యాచ్‌లో ఎక్సెటర్ చేతిలో 40-6తో ఓడగానే అతన్నీ పంపేసి జోర్డన్ మర్ఫీకి అప్పగించారు. రెండేళ్ళు తిరక్కుండా నలుగురు. పన్నెండు జట్ల లీగ్‌లో 2018-19లో పదకొండో స్థానం, 2019-20లో మళ్ళీ పదకొండో స్థానం. ఆ ఏడాది సాలరీ క్యాప్ (ఆటగాళ్ళ జీతాల మొత్తానికి లీగ్ పెట్టిన పరిమితి) ఉల్లంఘన వల్ల సారసెన్స్ అనే క్లబ్‌కి పాయింట్లు కోసి అడుగుకి నెట్టేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే లెస్టర్ కింది డివిజన్‌కి పడిపోయేది. అదే క్లబ్ 2020 జనవరిలో స్టీవ్ బోర్త్‌విక్‌ని ఎంచుకుంది, 2022 జూన్‌లో ఛాంపియన్ అయింది. తప్పూ ఒప్పూ రెండూ ఒకే ఇంట్లో దొరుకుతాయి, అందుకే ఈ ఉదాహరణ.

కావాల్సినవి

- గత రెండు సీజన్ల మ్యాచ్ వీడియోలు, లెక్కలు. ముఖ్యంగా ఓడిన మ్యాచ్‌లవి.
- ఆటగాళ్ళ కాంట్రాక్టుల పట్టిక: ఎవరిది ఎప్పుడు అయిపోతుంది, ఎవరికెంత ఇస్తున్నాం. కొత్త కోచ్ మొదట అడిగేది ఇదే.
- పాత కోచ్‌కి ఇవ్వాల్సిన పరిహారం, కొత్త కోచ్ జీతం, అతని సహాయకుల జీతాలు, వేరే క్లబ్ నుంచి తెస్తే ఆ క్లబ్‌కి కట్టాల్సిన డబ్బు, ఈ నాలుగూ కలిపిన మొత్తం. చాలామంది మొదటి రెండే లెక్కేస్తారు.
- ముగ్గురి నుంచి ఐదుగురి వరకు ఉన్న కమిటీ. అందులో ఒక్కరైనా ప్రొఫెషనల్ స్థాయిలో ఆడినవాళ్ళో కోచింగ్ చేసినవాళ్ళో ఉండాలి, వాళ్ళకి మీ క్లబ్‌తో ఇప్పుడు ఏ లావాదేవీ ఉండకూడదు.
- కనీసం ఆరు నుంచి పది వారాల సమయం.
- నోరు కట్టేసుకునే అలవాటు. పేర్లు బయటికి పొక్కితే మంచి అభ్యర్థులు తప్పుకుంటారు, వాళ్ళకి ఇప్పుడున్న ఉద్యోగం పోయే ప్రమాదం ఉంటుంది మరి.

1. అసలు మార్చాలా అన్నది ముందు తేల్చుకోండి

ఈ మెట్టు ఎవరికీ ఇష్టం ఉండదు. జనం అరుస్తున్నారు, స్పాన్సర్ ఫోన్ చేస్తున్నాడు, ఏదో ఒకటి చేసినట్టు కనబడాలని తొందర. అయినా ఒక వారం ఆగండి.

ఫ్రాన్స్‌లో తులూజ్ 2016-17లో పద్నాలుగు జట్లలో పన్నెండోది. అంత పెద్ద క్లబ్‌కి అది పరువు పోయే స్థానం. కోచ్ ఉగో మోలాని అయినా ఉంచారు. 2019లో లీగ్ గెలిచారు, ఆ తర్వాత 2021, 2023, 2024, 2025ల్లో కూడా, కోచ్ ఆయనే. న్యూజిలాండ్‌లో క్రూసేడర్స్ సంగతి ఇంకా దగ్గరిది. వరుసగా టైటిళ్ళు గెలిచిన స్కాట్ రాబర్ట్‌సన్ వెళ్ళిపోయాక రాబ్ పెన్నీ వచ్చాడు, 2024లో పద్నాలుగు మ్యాచ్‌ల్లో నాలుగే గెలిచి తొమ్మిదో స్థానంలో నిలిచి ప్లేఆఫ్స్‌కే చేరలేదు. పంపేయమన్నవాళ్ళు కోకొల్లలు. ఉంచారు, 2025లో టైటిల్ వచ్చింది.

కోచ్‌ని ఉంచాలో వద్దో తెలుసుకోవడానికి నేను చూసేవి ఇవి. మ్యాచ్ ఆఖరి ఇరవై నిమిషాల వీడియో పెట్టి శబ్దం ఆపేసి చూడండి, వెనకబడ్డ జట్టు ఇంకా లేచి పరిగెడుతోందా, ట్యాకిల్ చేసి పడ్డవాడు వెంటనే లేస్తున్నాడా, లేక నడుస్తున్నాడా. ఓడిన మ్యాచ్‌ల్లో ఎన్ని ఏడు పాయింట్ల లోపు తేడాతో పోయాయో లెక్కపెట్టండి. గాయాలతో బయట కూర్చున్నవాళ్ళ జాబితా తీయండి, అందులో మొదటి పదిహేను మందిలో ఉండాల్సినవాళ్ళు ఆరేడుగురు ఉంటే మీ సమస్య కోచ్ కాకపోవచ్చు. ఆటగాళ్ళని కొన్నది ఎవరో కూడా చూడండి: బోర్డే కొని, వాళ్ళతో ఆడించమని కోచ్‌కి ఇచ్చి, ఓడితే అతన్ని పంపేస్తే వచ్చేవాడికీ అదే గతి.

జట్టు పరిగెత్తడం మానేసిందనీ ఆటగాళ్ళు కోచ్ మాట వినడం లేదనీ తేలితే మాత్రం ఆలస్యం చేయొద్దు.

2. రోగం ఏమిటో ఒక కాగితం మీద రాయండి

మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే, మీరు ఇంకేది వదిలేసినా దీన్ని వదలొద్దు.

ఓడిన పది మ్యాచ్‌లు తీసుకోండి. ఒక్కో మ్యాచ్‌లో ఆట చేజారిన మూడు సందర్భాలు రాయండి. ముప్పై సందర్భాలు వస్తాయి. వాటిని ఈ గుంపుల్లో వేయండి: స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్స్, అంటే ముందు వరస ఎనిమిదేసి మంది, తలలు దూర్చి తోసుకుంటూ బంతి కోసం పోటీపడటం), లైనౌట్ (పక్క గీత దాటిన బంతిని లోపలికి విసిరితే ఎగిరి అందుకోవడం), గాల్లోకి లేపిన కిక్‌లు అందుకోవడం, డిఫెన్స్, ప్రత్యర్థి 22 మీటర్ల గీత దాటాక పాయింట్లు తేలేకపోవడం, పెనాల్టీలు, ఒంట్లో సత్తువ అయిపోవడం. ముప్పైలో పన్నెండో పదిహేనో ఒకేచోట పడతాయి, చూడండి. సొంత లైనౌట్లలో 85 శాతం కూడా మీకు దక్కడం లేదంటే, మ్యాచ్‌కి పదికి మించి పెనాల్టీలు ఇచ్చేస్తున్నారంటే, ఎంత అందంగా ఎటాక్ నేర్పే కోచ్‌ని తెచ్చినా ప్రయోజనం లేదు. బంతి చేతికొస్తేనే కదా ఎటాక్.

తర్వాత మనుషులతో మాట్లాడండి. పదిహేను మంది ఆటగాళ్ళు, ఒక్కొక్కరితో విడిగా అరగంట. సీనియర్లతో ఆపేయకండి, అకాడమీ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి, ఫిజియోని, సామాన్లు చూసుకునే మనిషిని కూడా కూర్చోబెట్టండి. "కోచ్ ఎలాంటివాడు?" అని అడగొద్దు, ఆ ప్రశ్నకి ఎవరూ నిజం చెప్పరు. "సోమవారం నుంచి మ్యాచ్ రోజు దాకా నీ వారం ఎలా గడుస్తుందో చెప్పు" అనండి. ప్రాక్టీస్ ప్లాన్ ఆ రోజు పొద్దున దాకా తెలియదు అని ముగ్గురు చెప్పారంటే అది రోగ లక్షణం. ఎందుకు టీమ్‌లోంచి తీశారో ఎవరూ చెప్పలేదు అని ఐదుగురు చెబితే అది ఇంకో లక్షణం.

ఆఖరున ఒకే వాక్యం రాయండి. "మాకు కావాల్సింది రెండేళ్ళలో సెట్‌పీస్‌నీ (స్క్రమ్, లైనౌట్) ఫిట్‌నెస్‌నీ లీగ్ సగటుకి పైకి తెచ్చి, కుర్రాళ్ళని ఎదగనిచ్చే మనిషి" అన్నట్టు. ఈ కాగితం జాగ్రత్తగా దాచండి, దీనితో పని ఇంకా ఉంది.

హెచ్చరిక: ఈ కాగితాన్ని ఇప్పుడున్న సహాయ కోచ్‌ల చేత రాయించకండి. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, తమ విభాగంలో తప్పు తమకి కనబడదు.

3. పదవి ఏమిటో స్పష్టం చేయండి

హెడ్ కోచ్ వేరు, డైరెక్టర్ ఆఫ్ రగ్బీ వేరు. మొదటివాడు మైదానంలో ఉంటాడు, జట్టుని తయారుచేస్తాడు. రెండోవాడు ఆటగాళ్ళని కొనడం, కాంట్రాక్టులు, అకాడమీ, బోర్డుతో మాట్లాడటం చూస్తాడు. ఒకరే రెండూ చేయొచ్చు, ఇద్దరు ఉండొచ్చు, కానీ ఇద్దరుంటే ఆఖరి మాట ఎవరిదో రాతలో ఉండాలి. బోర్త్‌విక్ లెస్టర్‌కి వచ్చినప్పుడు మర్ఫీ డైరెక్టర్ ఆఫ్ రగ్బీ అయ్యాడు, 2020 నవంబర్‌కల్లా మర్ఫీ వెళ్ళిపోయాడు. పాత హెడ్ కోచ్‌ని పైన కూర్చోబెట్టి కొత్తవాణ్ణి కింద పెట్టే ఏర్పాటు మర్యాదగా కనిపిస్తుంది గానీ ఎక్కువ రోజులు నిలబడదు.

4. తాత్కాలిక ఏర్పాటు చేసి ఊపిరి పీల్చుకోండి

సీజన్ మధ్యలో కోచ్ వెళ్ళిపోతే వారంలో కొత్తవాణ్ణి తేవాలన్న టెన్షన్ పెట్టుకోకండి. ఉన్న సహాయకులకి సీజన్ ఆఖరు దాకా అప్పగించండి.

2021 జనవరిలో లండన్ క్లబ్ హార్లెక్విన్స్ నుంచి పాల్ గస్టర్డ్ వెళ్ళిపోయాడు. హెడ్ కోచ్ అన్నవాడే లేకుండా జనరల్ మేనేజర్ బిల్లీ మిలార్డ్, సహాయ కోచ్‌లు, సీనియర్ ఆటగాళ్ళు కలిసి నడిపించారు. సెమీఫైనల్‌లో బ్రిస్టల్ మీద 28-0 వెనకబడి కూడా 43-36తో గెలిచారు, ఫైనల్‌లో ఎక్సెటర్‌ని 40-38తో ఓడించి ఛాంపియన్లయ్యారు. మీకూ అలాగే జరుగుతుందని చెప్పను. ఖాళీ కుర్చీ వల్ల ఇల్లు కూలిపోదని మాత్రం అది చూస్తే తెలుస్తుంది.

జాగ్రత్త: తాత్కాలిక కోచ్ మూడు మ్యాచ్‌లు గెలవగానే పర్మనెంట్ చేసేయకండి. కోచ్ మారాక కొన్ని వారాలు జట్టు దానంతటదే పైకి లేస్తుంది, ఆటగాళ్ళందరూ మళ్ళీ చోటు సంపాదించుకోవాలని ఒళ్ళు వంచుతారు. అతనూ అభ్యర్థి అయితే మిగతా వాళ్ళతో పాటే ఇంటర్వ్యూకి రమ్మనండి.

5. జాబితా తయారు చేయండి

పన్నెండు పేర్లతో మొదలుపెట్టి నాలుగుకి తగ్గించండి. మూడు రకాల మనుషులు కచ్చితంగా ఉండాలి.

లోపలివాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న చూపు మన బోర్డుల్లోనే కాదు, అన్నిచోట్లా ఉంది. ఆటగాళ్ళకి తెలిసిన మనిషి, ఖర్చు తక్కువ, రెండో రోజే పని మొదలవుతుంది. ఇబ్బందల్లా పాత స్నేహాల వల్ల కఠిన నిర్ణయాలు తీసుకోలేకపోవచ్చు.

వేరేచోట పెద్ద జట్టులో సహాయకుడిగా ఎదిగినవాడు. నాకు ఎక్కువ నమ్మకం ఈ గుంపు మీదే. బోర్త్‌విక్ లెస్టర్‌కి వచ్చేనాటికి ఎక్కడా హెడ్ కోచ్‌గా చేయలేదు. ఎడ్డీ జోన్స్ దగ్గర జపాన్‌కీ తర్వాత ఇంగ్లండ్‌కీ ఫార్వర్డ్స్ కోచ్. 2015 ప్రపంచ కప్‌లో జపాన్ 34-32తో దక్షిణాఫ్రికాని ఓడించినప్పుడు ఆ చిన్న ఒళ్ళ జట్టుకి లైనౌట్ నేర్పింది ఆయనే. లెస్టర్‌కి అవసరమైన మందు సరిగ్గా ఆయన దగ్గరుంది.

పెద్ద పేరున్నవాడు. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు. పేరు ఎంత పెద్దదైతే వాకబు అంత గట్టిగా చేయండి. ఆస్ట్రేలియా 2023 జనవరిలో, ప్రపంచ కప్ ఇంకా ఎనిమిది నెలలే ఉందనగా డేవ్ రెన్నీని తీసేసి ఎడ్డీ జోన్స్‌కి 2027 దాకా కాంట్రాక్టు ఇచ్చింది. తొమ్మిది టెస్టుల్లో (దేశాల జట్ల మధ్య మ్యాచ్‌ల్లో) రెండే గెలుపులు, వేల్స్ చేతిలో 40-6 ఓటమి, ఆస్ట్రేలియా చరిత్రలో మొదటిసారి ప్రపంచ కప్ గ్రూపు దశలోనే ఇంటికి. ఏడాది తిరక్కుండా ఆయన వెళ్ళిపోయాడు. ఆయన గొప్ప కోచే, అందులో అనుమానం లేదు, కానీ ఆ సమయానికి ఆ జట్టుకి ఏం కావాలో ఎవరైనా కాగితం మీద రాసుకుని ఉంటే ఆ నిర్ణయం అలా ఉండేది కాదని నా నమ్మకం.

ఇంకో మాట, ఒకచోట ఓడిపోయినవాణ్ణి కొట్టేయకండి. పైన చెప్పిన క్రూసేడర్స్ కోచ్ పెన్నీని 2021లో సిడ్నీ జట్టు వారటాస్ ఐదు మ్యాచ్‌లు ఓడాక పంపేసింది, ఆయన వెళ్ళాక కూడా ఆ జట్టు ఆ ఏడాది ఒక్క మ్యాచ్ గెలవలేదు. తప్పు ఎక్కడుందో దాన్నిబట్టే తెలుస్తోంది కదా.

6. వాకబు చేయండి

సంబంధం ఖాయం చేసే ముందు మన ఇళ్ళల్లో ఎంతమందిని అడుగుతారో గుర్తు తెచ్చుకోండి, ఇక్కడా అంతే. అభ్యర్థి ఇచ్చిన రెఫరెన్స్‌లకి ఫోన్ చేస్తే పొగడ్తలే వింటారు. వాళ్ళతో పాటు ఈ ముగ్గురిని మీరే వెతికి పట్టుకోండి: అతని కింద టీమ్‌లో చోటు పోగొట్టుకున్న ఒక ఆటగాడు, అతనితో పనిచేసి వేరే చోటికి వెళ్ళిపోయిన ఒక సహాయ కోచ్, పాత క్లబ్‌లో ఫిజియోనో డాక్టరో. డాక్టర్‌ని తప్పనిసరిగా అడగమని నా సలహా, తలకి దెబ్బ తగిలిన ఆటగాణ్ణి తొందరగా ఆడించమని ఒత్తిడి చేశాడా లేదా అన్నది ఆయనకే తెలుస్తుంది. చేశాడని తెలిస్తే ఆ పేరు అక్కడితో కొట్టేయండి, ఎన్ని కప్పులు గెలిచినా సరే.

ఈ విషయం మీద ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట నేనున్న ఒక చిన్న క్లబ్ కమిటీలో ఒక కోచ్ గంటసేపు చాలా అందమైన ప్రెజెంటేషన్ ఇచ్చాడు, అందరం మెచ్చేసుకుని అదే సాయంత్రం ఖాయం చేశాం, పాత క్లబ్‌లో ఒక్కరికి ఫోన్ చేయలేదు. మూడో నెలకి ఫార్వర్డ్స్ ఎవరూ అతనితో మాట్లాడటం లేదు, ఇద్దరు కుర్రాళ్ళు ఆటే మానేశారు. ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేదని తర్వాత తెలిసింది. ఆ ఇద్దరు కుర్రాళ్ళ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

7. ఇంటర్వ్యూలో పని ఇవ్వండి, ప్రసంగం అడగొద్దు

వారం ముందు మీ మ్యాచ్‌ల వీడియోలు రెండు పంపండి, ఒకటి ఓడింది, ఒకటి గెలిచింది. వచ్చాక ఇవి అడగండి:

- ఓడిన మ్యాచ్‌లో ఏ మూడు సందర్భాల్లో ఆట పోయింది? మీ కాగితంతో పోల్చండి. మీకు కనబడనిది చూపిస్తే ఇంకా మంచిది.
- ఇప్పుడున్నవాటిలో ఏది మార్చవు? అన్నీ మార్చేస్తానన్నవాడు మీ జట్టుని సరిగ్గా చూడలేదు.
- మొదటి ఆరు వారాల ప్రాక్టీస్ ప్లాన్ బోర్డు మీద గీయి. రోజుకెన్ని నిమిషాలు, ఏ విభాగానికి, విశ్రాంతి ఎప్పుడు.
- అందరికీ ఇష్టమైన కెప్టెన్‌ని టీమ్‌లోంచి తీయాల్సి వస్తే ఆ మాట అతనికి ఎక్కడ, ఎప్పుడు, ఎలా చెబుతావు?
- నీ చేతుల్లో జరిగిన అతి పెద్ద తప్పు ఏది? ఆటగాళ్ళ మీదకో రిఫరీ మీదకో నెట్టేస్తే గుర్తు పెట్టుకోండి.

కమిటీ సభ్యులు మార్కులు విడివిడిగా వేసుకుని, ఆ తర్వాతే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఛైర్మన్ ముందే "నాకు నచ్చాడు" అంటే మిగతావాళ్ళ కలాలు అటే వంగుతాయి.

ఆటగాళ్ళని కూడా కలవనివ్వాలా? సీనియర్లు ఇద్దరు ముగ్గురితో గంటసేపు మాట్లాడించండి, వాళ్ళ అభిప్రాయం వినండి, ఓటు మాత్రం ఇవ్వొద్దు. తమ చోటు ఖాయం చేసేవాణ్ణి కోరుకోవడం మనిషి సహజం.

8. మనిషిని కాదు, బృందాన్ని తెచ్చుకోండి

ఒక్క మనిషి పాతిక ముప్పై మందికి స్క్రమ్, డిఫెన్స్, కిక్కింగ్, ఫిట్‌నెస్ అన్నీ నేర్పలేడు. "నీతో పాటు ఎవరొస్తారు, రాకపోతే నీ దగ్గర రెండో పేరు ఎవరు?" అని సంతకానికి ముందే అడగండి. బోర్త్‌విక్ లెస్టర్‌కి వచ్చినప్పుడు 2019 ప్రపంచ కప్ గెలిచిన దక్షిణాఫ్రికా జట్టుకి ఫిట్‌నెస్ చూసిన ఆలెడ్ వాల్టర్స్ వచ్చాడు, 2021లో రగ్బీ లీగ్ (పదమూడు మంది ఆడే వేరే రకం రగ్బీ) నుంచి కెవిన్ సిన్‌ఫీల్డ్ డిఫెన్స్ చూడటానికి వచ్చాడు, రిచర్డ్ విగిల్స్‌వర్త్ ఆడుతూనే కోచింగ్‌లోకి దిగాడు. ఫలితంగా 2021-22లో అన్ని పోటీలూ కలిపి మొదటి పదిహేను మ్యాచ్‌లు వరుసగా గెలిచారు, ఫైనల్‌లో ఫ్రెడీ బర్న్స్ ఆఖరి క్షణాల్లో కొట్టిన డ్రాప్ గోల్‌తో (ఆట నడుస్తుండగానే బంతిని నేలకి తాకించి గోల్ స్తంభాల మధ్యకి తన్నడం) సారసెన్స్‌ని 15-12తో ఓడించారు.

డబ్బు గురించి ఒక ఉపయోగపడే సంగతి. ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్‌లో సాలరీ క్యాప్, 2024-25లో అది 64 లక్షల పౌండ్లు, ఆటగాళ్ళ జీతాలకే వర్తిస్తుంది, కోచ్‌ల జీతాలకి కాదు. కాబట్టి ఆటగాళ్ళ మీద ఎవరైనా ఒకే గీతలో ఆగాల్సిందే, మంచి స్క్రమ్ కోచ్ మీద, మంచి ఫిట్‌నెస్ మనిషి మీద పెట్టే రూపాయికి ఆ గీత అడ్డు రాదు. అయినా వూస్టర్, వాస్ప్స్, లండన్ ఐరిష్ అనే మూడు పెద్ద క్లబ్బులు 2022-23 సీజన్‌లో డబ్బుల్లేక మూతపడ్డాయని మర్చిపోకండి, మీ దగ్గర ఉన్నదానికి మించి మాట ఇవ్వొద్దు.

9. కాంట్రాక్టు, ప్రకటన

మూడేళ్ళు సరైన నిడివి, మధ్యలో ఇరువైపులా బయటికి వెళ్ళే వీలు ఉండాలి. ముందే వెళ్ళగొడితే ఎంతివ్వాలో, వేరే క్లబ్ లేదా దేశం ఎగరేసుకుపోతే మనకెంత రావాలో రెండూ రాయండి. ఈ రెండోది చాలామంది రాయరు. బాగా చేస్తే ఎగరేసుకుపోతారు, అది ఖాయం: 2022 డిసెంబర్‌లో సీజన్ మధ్యలోనే బోర్త్‌విక్‌ని ఇంగ్లండ్ జట్టు తీసుకుపోయింది, తర్వాత సిన్‌ఫీల్డ్, విగిల్స్‌వర్త్ కూడా ఆయన వెంట వెళ్ళారు. ఆ మీదట లెస్టర్‌లో డాన్ మెకెల్లర్ ఒక్క సీజన్, మైకేల్ చెయికా ఒక్క సీజన్, 2025 నుంచి జెఫ్ పార్లింగ్. చెయికా ఉన్న ఏడాది ఫైనల్ దాకా వెళ్ళి బాత్ చేతిలో 23-21తో ఓడారు. అందుకని కొత్త కోచ్ వచ్చిన రోజు నుంచే అతని తర్వాత ఎవరన్న చిన్న జాబితా మీ సొరుగులో ఉండాలి.

ఇంగ్లండ్‌లాంటి చోట అయితే ప్రకటన వీలైతే జనవరి, ఫిబ్రవరిల్లో చేయండి. వచ్చే సీజన్ ఆటగాళ్ళ ఒప్పందాలు అప్పుడే నడుస్తుంటాయి, కొత్త కోచ్ మాట అందులో పడాలి. మే నెలలో కోచ్‌ని తెస్తే వేరేవాడు కొన్న జట్టుతో ఏడాదంతా లాగాలి.

ఎక్కువగా చేసే తప్పులు

పోయినవాడికి పూర్తి వ్యతిరేకుణ్ణి తేవడం. కఠినంగా ఉండే కోచ్ పోతే మెత్తనివాణ్ణి, మెత్తనివాడు పోతే కఠినుణ్ణి. ఇది రోగానికి మందు కాదు, విసుగుకి మందు.

పాత రోజులు తిరిగొస్తాయని పాత కోచ్‌నే పిలవడం. లెస్టర్‌లో ఒకానర్ రెండోసారి రావడం ఎలా ముగిసిందో పైన చూశారు. ఆ మనిషి అదే అయినా ఆటగాళ్ళు వేరు, లీగ్ వేరు.

ఒక్క ఏడాది ఫలితాలు చూసి ఎంచుకోవడం. గెలిచిన జట్టులో ఆ కోచ్ వాటా ఎంతో చూడాలి: అతను రాకముందు ఆ జట్టు ఎక్కడుంది, అతను పోయాక ఎక్కడుంది.

నెల రోజులకే బోర్డు సభ్యులు టీమ్ ఎంపికలో తలదూర్చడం. ఇది మీ చేతుల్లోనే ఉంది కాబట్టి మీరే ఆపగలరు.

సరిగ్గా ఎంచుకున్నామా అని ఎలా చూసుకోవాలి

గెలుపోటములు ఆలస్యంగా మారతాయి, ముందు మారేవి వేరే ఉంటాయి.

ఆరు వారాలకి: ప్రాక్టీస్ ప్లాన్ ఆటగాళ్ళకి ముందే తెలుస్తోందా? మెట్టు 2లో మాట్లాడినవాళ్ళనే మళ్ళీ అడగండి, అదే ప్రశ్న.

మూడు నెలలకి: మీ కాగితంలో మొదట రాసిన లోపం ఒక్కటైనా కదలాలి. లైనౌట్ అయితే లైనౌట్ శాతం, పెనాల్టీలైతే వాటి సంఖ్య. మ్యాచ్‌లు ఓడుతున్నా ఆ అంకె మెరుగవుతుంటే ఓపిక పట్టండి. 2018లో రాసీ ఎరాస్మస్ దక్షిణాఫ్రికా జట్టుని చేతుల్లోకి తీసుకున్నాక మొదటి మ్యాచ్ వేల్స్‌తో ఓడిపోయారు, ఆ తర్వాత అర్జెంటీనా చేతిలో, ఆస్ట్రేలియా చేతిలో కూడా. కానీ అంతకు ఏడాది ముందు న్యూజిలాండ్ మీద 57-0తో చిత్తయిన జట్టు 2018 సెప్టెంబర్‌లో వెల్లింగ్టన్‌లో వాళ్ళని 36-34తో ఓడించింది, మరుసటి ఏడాది ప్రపంచ కప్ గెలిచింది. ఆ ఓటములకి ఆయన్ని పంపేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఒక సీజన్ పూర్తయ్యాక: ఓటముల తేడా తగ్గిందా, ఆఖరి ఇరవై నిమిషాల్లో ఎన్ని పాయింట్లు ఇస్తున్నాం, అకాడమీ కుర్రాళ్ళు ఎందరు మొదటి జట్టులోకి వచ్చారు, కాంట్రాక్టు అయిపోయే మంచి ఆటగాళ్ళు ఉండిపోతామంటున్నారా. బోర్త్‌విక్ మొదటి పూర్తి సీజన్‌లో లెస్టర్ ఆరోది, ఛాంపియన్ కాదు. పదకొండు నుంచి ఆరు. అది చూసి ఆగగలిగారు కాబట్టే రెండో సీజన్ వచ్చింది.

ఈ నాలుగిట్లో ఒక్కటీ కదలకపోతే, కోచ్‌ని కూర్చోబెట్టి ఆ కాగితం చూపించి రెండు నెలల గడువు పెట్టండి.

హైదరాబాద్ హీరోస్ గురించి అడిగినవాళ్ళకి

అక్కడ ఆట ఏడుగురిది, లీగ్ రెండు వారాల్లో అయిపోతుంది, కాబట్టి మూడేళ్ళ ప్లాన్‌లు పనికిరావు. మెట్లు 2, 6, 8 అలాగే ఉంచండి, మిగతావి కుదించండి. అక్కడ చూడాల్సింది ముఖ్యంగా రెండు. ఒకటి, సెవెన్స్‌లోనే పనిచేసిన కోచ్ కావాలి, పదిహేను మంది ఆటలో ఎంత పేరున్నా సరే. రెండు, విదేశీ స్టార్లనీ మన కుర్రాళ్ళనీ వారం పది రోజుల్లో ఒక జట్టుగా కలపగలడా అన్నది. దీన్ని తెలుసుకోవడానికి ఇంటర్వ్యూలో ఒకే పని ఇవ్వండి: ఇంగ్లిష్ అంతగా రాని కుర్రాడికి డిఫెన్స్‌లో తన చోటు ఏమిటో పది నిమిషాల్లో నేర్పమనండి, నేర్పాక ఆ కుర్రాణ్ణి చేసి చూపించమనండి.